అటు సగం, ఇటు సగం

రోజూ ఉదయం ఏడింటికి గుమాస్తా ఆఫీసు కిటికీ తెరిచి కొలత టేపు చివర బయటికి వదిలేవాడు. అది రన్‌వే దాటి, కొండలు దాటి, అవతలి విమానాశ్రయం నుంచి వచ్చే టేపును తాకగానే చిన్నగా గుంజేది. అవతలివాళ్ళు తమ సగం ఫోన్లో చెప్పేవారు. గుమాస్తా రెండూ కూడి ఆ రోజు దూరం చెబితే, ప్రయాణ సమయం, ఇంధనం లెక్కగట్టడం కొలతల మేడం పని.

అవతల కొలిచేది ఆవిడ చెల్లెలే. మూడేళ్ళ కిందట అక్కకు మాటైనా చెప్పకుండా బదిలీ పెట్టుకుని వెళ్ళిపోయింది.

"నన్ను అడగాలనిపించలేదా?" అంది అక్క.

"అడిగితే పంపేదానివా?" అంది చెల్లెలు.

ఆ పూటతో మాటలు బందు. ఏడువందల నలభై కిలోమీటర్ల దారి నెలనెలా పెరిగి పన్నెండువందలకు చేరింది. గంటా ఇరవై నిమిషాల ప్రయాణం రెండు గంటలైంది. అక్కాచెల్లెళ్ళన్నాక ఆ మాత్రం ఉంటుందిలెమ్మని ప్రయాణికులు సర్దుకున్నారు. పైలట్ మాత్రం, "పంతాలు మీవి, నడుంనొప్పి నాది" అని గొణిగేవాడు.

గొడవైన నాటి నుంచి మేడం టేపు ముట్టలేదు, ఫోన్ ఎత్తలేదు. తప్పు సగం తనది, సగం దానిదని సరిపెట్టుకునేది. అయినా చెల్లెలి మీద బెంగ ఆవిడను లోపల్లోపలే తినేసేది.

ఒకరోజు గుమాస్తాకు జ్వరమొచ్చింది. ఫోన్ మోగితే ఆవిడే ఎత్తాల్సి వచ్చింది. అవతల మరిది.

"వదినా, తను ఆసుపత్రిలో ఉంది. బిడ్డ అడ్డం తిరిగింది. పన్నెండు లోపు ఆపరేషన్ చెయ్యకపోతే ఇద్దరికీ ప్రమాదమట. భయంతో సంతకం పెట్టనంటోంది. నన్నేమో తన బదులు టేపు చూసి చెప్పి రమ్మని తరిమింది."

ఆవిడ కాగితం దగ్గరికి లాక్కుంది. "ఎంతుంది?" అంది.

"మూడొందల డెబ్భై."

"మీ సగమా?"

"అవును వదినా. మూడేళ్ళుగా అంతే కదా. ఒక్క కిలోమీటరు పెరగలేదు."

ఆవిడ నిన్నటి పన్నెండువందల్లోంచి మూడొందల డెబ్భై తీసేసింది: ఎనిమిదొందల ముప్ఫై. పెరిగిందంతా తన వైపే. గుమాస్తా అడగని మాట చెప్పే రకం కాదు, తను అడగనూ లేదు. ఉన్నది ఒక్కటే విమానం, పదిన్నరకు. రెండు గంటల దారి. దిగేసరికి పన్నెండున్నర.

లేచి, టేపు తనే పట్టుకుని వదిలింది. "నాదే తప్పు, చిన్నీ. నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదే" అని వెక్కి వెక్కి ఏడ్చింది. టేపు వదులైంది. లాగుతుంటే వస్తూనే ఉంది, గదంతా గుట్టలు పడింది. డెబ్భై దగ్గర ఆగింది.

కాగితం చూసి పైలట్ కనుబొమలు ఎగరేశాడు. "నాలుగువందల నలభయ్యా? టేపు చూసి రాశారా, ఆశపడి రాశారా?"

"టేపు చూసే రాశాను. నేనూ ఎక్కుతున్నాను."

పదకొండూ ఇరవైకి విమానం దిగింది. పావుతక్కువ పన్నెండుకల్లా ఆవిడ ఆసుపత్రి గదిలో ఉంది. చెల్లెలు కళ్ళు తుడుచుకుని, "ఇంత త్వరగా ఎలా వచ్చావక్కా?" అంది.

"ఎక్కువ దూరం నువ్వే వచ్చావు కదే. నేను వచ్చింది కొంచెమే."

చెల్లెలు ఒక చేత్తో అక్క చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో సంతకం పెట్టింది.

నిన్నటి లెక్కన విమానం ఇంకా దిగుతూ ఉండే వేళకు, పెద్దమ్మ ఒళ్ళో ఆడపిల్ల కేరుమంది.