ఉమారాణి మీద శ్రీనాథ్ చెప్పిన చాడీ

ఉమారాణిని ఏదో ఆఫ్రికా దేశానికి మన రాయబారిగా పంపుతారట అన్న కబురు గద్వాలకు చేరినప్పటి నుంచి శ్రీనాథ్‌కు అన్నం సయించలేదు. ఎలా సయిస్తుంది మరి! ఇద్దరూ ఒకే రోజు పత్తి విత్తనాల కంపెనీలో చేరారు, ఒకే జీపులో మల్దకల్ చేలన్నీ తిరిగారు. ఇరవై ఏళ్లలో ఆమె విదేశీ అమ్మకాలకు పెద్ద అధికారి అయింది. ఇతనేమో ఇంకా ఆ పాత గోదాముకే మేనేజరు. కుళ్లు అంటే కుళ్లే, దాచేదేముంది?

అలాంటివాడి దగ్గరికే ఢిల్లీ నుంచి విచారణాధికారి వచ్చాడు. తెలుగువాడే. పదవి ఇచ్చే ముందు పాత సహోద్యోగులను అడిగి మనిషి తీరు తెలుసుకుంటారట. వెతకబోయిన తీగ కాలికి తగిలింది. ఒక్క మాటతో ఆమె పదవి ఊడగొట్టాలనుకున్నాడు శ్రీనాథ్.

చాయ్ తెప్పించి, గొంతు తగ్గించాడు.

"ఒకరి మీద చెప్పుడు నాకు ఇష్టం లేదు సార్. అడిగిండ్రు కాబట్టి చెప్తున్న. ఆమె ఎవరి దిక్కో ఎవ్వరికీ తెల్వదు. ఒకసారి రైతులు మాకోసం పండించిన విత్తనం పరీక్షల ఫెయిలైందని కంపెనీ కొననన్నది. రెండొందల మంది రైతులు మమ్మల్ని చుట్టుముట్టిండ్రు. వాళ్ల పెద్ద నర్సింహులు కట్టె పట్టుకొని నిలవడ్డడు. ఈమె ఏం చేసిందనుకున్నరు? సక్కగ ఆయన ఇంట్లకే పోయి, 'అక్కా, ఆకలైతుంది, ఒక జొన్నరొట్టె పెట్టు' అని ఆయన భార్య నాగేంద్రమ్మను అడిగింది. కంపెనీ ఇజ్జత్ తీసింది సార్."

ఇంట్లో రొట్టె తిన్న మనిషి మీద ఆ ఊళ్లలో ఎవరూ చెయ్యెత్తరు. అది శ్రీనాథ్‌కూ తెలుసు. ఢిల్లీ మనిషికేం తెలుస్తుందిలే అని ఆ ముక్క మింగేశాడు.

"తర్వాత?"

"పొద్దుగూకేదాక ముచ్చట్లే. మళ్లొకసారి పరీక్ష చేయిస్తమని రైతులకు చెప్పింది. అందాక ధర్నా ఉండదని కంపెనీకి చెప్పింది. రైతులు మా మనిషన్నరు, కంపెనీ మా మనిషన్నది. గిట్ల రెండు దిక్కుల మంచిగుండేటోళ్లను ఎట్ల నమ్ముతం?"

అధికారి తల ఎత్తకుండా రాసుకుంటున్నాడు. శ్రీనాథ్‌కు లోలోపల పండగే.

"ఆ గొడవలో మీరెక్కడున్నారు?"

"గోదాముల సార్."

"బయటికి రాలేదా?"

"లోపల గొళ్లెం పెట్టుకున్న."

అధికారి అదీ రాసుకుని పుస్తకం మూశాడు.

"పొద్దున్నుంచి ఎనిమిది మందిని కలిశాను శ్రీనాథ్ గారూ. అందరూ మంచి మనిషన్నారే గాని, ఈ రాయబారి పని చేయగలదని చూపించింది మీరొక్కరే. మీ మాటలు ఉన్నవి ఉన్నట్టు పంపిస్తాను."

శ్రీనాథ్ గబగబా లేచాడు. కారు దాకా వెంట నడిచి, కిటికీ పట్టుకున్నాడు.

"సార్, ఇదంత నేను చెప్పిన్నని ఆమెకు తెల్వనీయకుండ్రి జర."

"ఎందుకండీ? అంతా మంచేగా చెప్పారు" అన్నాడు అధికారి.