తొమ్మిదో వరస బల్ల

శీతాకాలం శనివారాల్లో ఆర్డిత్ మధ్యాహ్నం భోజనాల గిన్నెలు గబగబా కడిగేసి, భర్త లైల్‌ని పికప్ ట్రక్కులో ఎక్కించుకుని కాలేజీ ఆటల హాలుకి తీసుకెళ్లేది. లైల్‌కి నడుం నొప్పి. మెట్లెక్కేటప్పుడు ఆమె భుజం కావాలి. తొమ్మిదో వరసలో లైల్ అన్న వెర్నన్ అప్పటికే కూర్చుని, వేరుశనక్కాయలు వలుచుకుంటూ ఉండేవాడు.

"వచ్చే ఏడు ఈ బల్లలు తీసేసి కుర్చీలు వేస్తారట అన్నయ్యా. మెత్తవి, వీపు ఆనుకునేవి," అన్నాడు లైల్ ఒక శనివారం.

"మెత్తగా ఉంటే నిద్దరోతావు. బాస్కెట్‌బాల్ చూసేవాడికి పిర్రలు నొప్పెట్టాలిరా."

"నీ ఒంటికేం, బండరాయి మీదైనా కూర్చుంటావు. నా నడుముని అడుగు, చెబుతుంది."

ఆ చెక్కబల్ల, ఎంతమంది వస్తే అంత సాగేది. ఏ జంట పక్కనైనా కొత్తగా జానెడు చోటు ఏర్పడితే వాళ్లు పసిబిడ్డకి మంచం కొనుక్కునేవారు. ఎవరి చోటైనా మూసుకుపోతే, ఆ వారం ఊళ్లో వాళ్లు ఆ ఇంటికి కూర గిన్నెలు పట్టుకెళ్లేవారు. మూడు చలికాలాల కిందట వెర్నన్ భార్య బెర్నీస్ కాఫీకని లేచి వెళ్లినప్పుడు ఆమె చోటు అలాగే మూసుకుపోయింది. తిరిగొచ్చి, "లావైపోయానమ్మా నేను," అని నవ్వుతూ ఆర్డిత్ ఒడిలో సగం కూర్చుంది. ఆదివారం దాటకుండానే పోయింది.

కింద ఆట మొదలైంది. కాలేజీ జట్టులో టావియన్ అనే ఏడడుగుల కుర్రాడున్నాడు. బుట్ట కిందే నిలబడి ఆడతాడు. అవతలి వాళ్లు తోసినప్పుడల్లా వెనక్కి జరిగిపోతున్నాడు.

"ఏం లాభం ఆ ఎత్తు!" అని విసుక్కున్నాడు వెర్నన్. "మోకాళ్లు వంచాలి, పాదాలు పాతాలి, వెనకున్నవాడి మీద బరువు వెయ్యాలి. ఈ చోటు నాది అన్నట్టుండాలి."

"ఎడం చేత్తో వెయ్యడం రాదు, అదీ రోగం," అన్నాడు లైల్.

"ఇల్లు వదిలి ఎంతో దూరం నుంచి వచ్చాడు పాపం. కాస్త నోళ్లు ముయ్యండి ఇద్దరూ," అంది ఆర్డిత్.

సగం ఆట అయ్యాక లైల్ పాప్‌కార్న్ కోసం కిందికి దిగాడు. అతను మలుపు తిరిగాడో లేదో, బల్ల కిర్రుమంది. ఆర్డిత్ మోచేతికి వెర్నన్ కోటు తగిలింది. ఇద్దరి మధ్యా లైల్ కూర్చున్న చోటు మూసుకుపోతోంది.

వెనక వరసలో అందరూ చూశారు. చూసి, తలలు స్కోరుబోర్డు వైపు తిప్పుకున్నారు.

ఆర్డిత్ పాదాలు నేలకి తన్నిపెట్టి, ఆ చోటు మూసుకోకుండా బల్లని అవతలికి తోసింది. బల్ల ఆగలేదు. "బావగారూ!" అంది.

"మోకాళ్లు వంచమ్మా. పాదాలు ఎడంగా పెట్టు," అన్నాడు వెర్నన్. తనూ రెండో వైపు నుంచి తోశాడు. పెద్ద శరీరం, పొలంలో పనిచేసిన శరీరం. మెడ నరాలు తేలాయి. అయినా చెక్క అంగుళం అంగుళం దగ్గరకొచ్చేస్తూనే ఉంది. కాసేపటికి ఆయన తొయ్యడం మానేశాడు.

"దీనికి ఒక చోటు కావాలమ్మా. ఎవరిదైనా ఒకటే అనుకుంటా."

"వద్దు బావగారూ."

"బెర్నీస్ రోజు నేను ఊరికే చూస్తూ కూర్చున్నాను," అని వెర్నన్ లేవబోయాడు.

ఆర్డిత్ ఆయన కోటు అంచు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. అప్పుడు కింద మెట్ల దగ్గర లైల్ కనిపించాడు, పొట్లం ఒలికిపోకుండా గుండెకి హత్తుకుని, ఒక్కో మెట్టూ ఎక్కుతూ. ఆమె వేళ్లు వదులయ్యాయి.

వెర్నన్ లేచి నిలబడ్డాడు. ఆయన చోటు చప్పుడు లేకుండా కలిసిపోయింది. ఆర్డిత్ పక్కన ఒక మనిషికి సరిపడా ఖాళీ మిగిలింది.

"నిలబడ్డావేం అన్నయ్యా?" అన్నాడు లైల్ వచ్చి.

"పిర్రలు మొద్దుబారాయిరా. నువ్వన్నట్టు కుర్చీలే నయం." ఆయన నడవాలోకి జరిగి, ఇనప కమ్మీలకి ఆనుకుని చివరిదాకా చూశాడు. టావియన్ ఒక్కసారి కాళ్లు పాతి నిలదొక్కుకుంటే హాలంతా అదిరేలా ఈలేశాడు. జట్టు ఓడిపోయింది. పార్కింగ్‌లో లైల్ పికప్ అద్దం మీద మంచు ఆయనే గీకి, తమ్ముడి భుజం తట్టి వెళ్లిపోయాడు.

గురువారం పొద్దున పాల లారీ వాడు వచ్చేసరికి వెర్నన్ కొట్టంలో ఆవు పక్కన ఒరిగిపోయి ఉన్నాడు. ఆవు కదలకుండా నిలబడి ఉందట.

సమాధి కార్యక్రమం అయ్యాక చర్చి కింది గదిలో భోజనాలు పెట్టారు. లైల్ పళ్లెం ముట్టుకోలేదు.

"అంతసేపు నిలబడే ఉన్నాడు. ఒంట్లో బాగాలేదేమో. నేను ఒక్కసారి అడిగుండాల్సింది." అతను ఆర్డిత్ వైపు తిరిగాడు. "నేను లేనప్పుడు నీతో ఏమైనా అన్నాడా?"

"లేదు," అంది ఆర్డిత్.

లైల్ ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. అతని చెయ్యి వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనానికి ఆమెకి సిగ్గేసింది. అయినా ఆ చేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.