ఆరిన బ్రష్ గీతలు

ఏ పని చేసినా ఇచ్చేదెంత, వచ్చేదెంత అని ముందే బేరీజు వేసుకునే మనిషి చంద్రరావు. రాజమండ్రిలో అతని షాపులాంటి ఫ్లెక్సీ షాపులు వీధికి రెండయ్యాయి. అందరి కంప్యూటర్లలో అదే కోరల్‌డ్రా సాఫ్ట్‌వేరు, అందరి బ్యానర్లలో ఫోటో చుట్టూ అదే నలుపలకల చట్రం. బ్రష్‌తో రంగు లాగినట్టున్న ఆకారం తయారుచేసి, దాని లోపల ఫోటో పెట్టి, బయటికొచ్చిన భాగమంతా కత్తిరించేస్తే గిరాకీ తన గుమ్మంలోకే వస్తుందని లెక్క కట్టాడు. మౌస్‌తో ఎంత గీసినా బ్రష్ లాగితే వచ్చే ఆ చిరుగుల అంచు రాలేదు. నిజమైన బ్రష్ కావాలి.

కొవ్వూరు నుంచి బంగార్రాజును పిలిపించాడు. ముప్పయ్యేళ్లు గోడల మీద అక్షరాలు రాసిన పెయింటరు. ఏడాదిగా పని లేదు.

"నాకేం ఇవ్వొద్దండి. పెనుగొండలో రైస్‌మిల్లు గోడ రాయిస్తారంట. ఆ మిల్లు ఓనరు సురేష్‌బాబు గారు మీ మాట వింటారు. నా గురించి ఒక్క మాట చెప్పండి."

"చెప్తానండి. మీరు గీయండి."

"ఆయ్."

బంగార్రాజు తెల్ల చార్టు మీద పది గీతలు లాగాడు. అన్నీ నిండుగా, నున్నగా వచ్చాయి.

"ఇలా కాదండి. బ్రష్ ఆరిపోయాక లాగండి. మధ్యలో తెల్లచారలు పడాలి."

"చారలాండి? అలా పడితే మా గురువుగారు వేళ్ల మీద కొట్టేవారు."

"ఇక్కడ ఆయన లేరుగా, లాగెయ్యండి."

లాగాడు. గీత గీతకీ గుమ్మం వైపు చూసుకున్నాడు, ఎవరైనా చూస్తారేమోనని.

చంద్రరావు వాటిని స్కాన్ చేసి, ఒక గీతలో ధాన్యపురాశి ఫోటో ఇమిడ్చి నమూనా ప్రింటు తీశాడు. మర్నాడు షాపుకొచ్చిన సురేష్‌బాబు అది చూశాడు.

"ఇదేంటండి, చేత్తో వేసినట్టే ఉంది! ఇంక గోడకి పెయింటరెందుకు? ఈ చివర్నుంచి ఆ చివరికి ఇదే కట్టేద్దాం."

చంద్రరావు నోరు తెరిచాడు. ఒక్క మాట చెబితే గోడ బంగార్రాజుది. చెప్పకపోతే నలభై అడుగుల ఫ్లెక్సీ తనది. తూచడానికి ఎంతోసేపు పట్టలేదు.

"రేపొచ్చి కొలతలు తీసుకుంటానండి" అన్నాడు.

వారానికి బంగార్రాజు వచ్చాడు.

"చెప్పారాండి?"

"చెప్పానండి. ఆయన వద్దన్నారు."

తెర మీద మిల్లు బ్యానరు తెరిచే ఉంది. మిల్లు పేరు బెత్తెడేసి అక్షరాల్లో కనబడుతోంది. బంగార్రాజు దగ్గరికెళ్లి ధాన్యపురాశి అంచు మీద వేలు పెట్టాడు.

"ఇది నా గీతేనండి. ఇక్కడ చెయ్యి ఆగింది."

వేలు తీసి, "ఇంకో పది లాగిమ్మంటారా? ఇప్పుడు చెయ్యి అలవాటైందండి" అన్నాడు.

"అక్కర్లేదండి. దీన్నే తిప్పితే ఒకటి, అద్దంలోలా తిరగేస్తే ఇంకోటి. నాకు జన్మకి సరిపోతాయి. టీ తాగి వెళ్లండి."

"బస్సుందండి."

అతను మెట్లు దిగుతుండగానే చంద్రరావు ఆ గీతను తిరగేసి, తరవాతి బేరం తాలూకు ఫోటో అందులో పెట్టాడు.