పక్క సీటు బ్రేకు

మా బావ కారు నడపడం నేర్పే మనిషి. మా అక్కదీ అదే పని. ఇద్దరూ కలిసి ఒకే స్కూలు నడుపుతారు. అక్క నేర్చుకున్నది బావ దగ్గరే. లైసెన్సు చేతికి రాకముందే పెళ్ళి కుదిరింది. “ఎంతమందికో నేర్పాను. నేర్చుకోవడం అయిపోయినా బండి దిగనని కూర్చున్నది మీ అక్క ఒక్కతే” అంటాడు బావ. ఎన్నిసార్లు విన్నా అక్క ఆ మాటకి నవ్వుతుంది.

నేను పల్లెలో ట్రాక్టర్లు, నీళ్ళ ఇంజన్లు బాగుచేసుకుంటాను. కొండ పందెం దగ్గరపడితే అక్క నుంచి ఫోను వస్తుంది. పానాల సంచి భుజాన వేసుకుని బస్సెక్కుతాను.

వాళ్ళ స్కూలంటే ఒక గది. గోడకి రోడ్డు గుర్తుల పటం, దాని కింద నేర్చుకునేవాళ్ళు కూర్చునే బెంచీ. వెనక రేకుల షెడ్డు, అందులో రెండు కార్లు. ఒకటి రోజూ పాఠాలకు తిరిగేది. రెండోది పాతది. అక్క నేర్చుకున్నది దాని మీదే. పాఠాల నుంచి తప్పించాక దాన్ని పందెం బండి చేశాం. ఇంజను మార్చాం. వెనక సీటు పీకేశాం. పైనున్న స్కూలు బోర్డు తీసేశాం. బోర్డు ఉన్న చోట రంగు ఇప్పటికీ కొత్తగా ఉంటుంది. తీయనిది ఒక్కటే, పక్క సీటు ముందున్న బ్రేకు.

నేర్పే కార్లకి అది ఉంటుంది. నేర్చుకునేవాడు కంగారుపడితే పక్కనున్నవాడు తొక్కడానికి. ఆ పెడల్ నుంచి ఒక ఇనప కడ్డీ డ్రైవరు బ్రేకు దాకా వెళ్తుంది. ఇక్కడ తొక్కితే అక్కడా దిగుతుంది. బావ కుడికాలు ఎప్పుడూ దాని మీదే. వాకిట్లో కుర్చీ వేసుకుని టీ తాగుతున్నా, వీధిలో ఎవరి బండైనా దూసుకొస్తే ఆ కాలు నేలని నొక్కుతుంది. ఆయన చెప్పుల జతలో ఒక్కటే ముందు అరుగుతుంది.

పందెం కొండ కింద వంతెన దగ్గర మొదలై కనుమ మీద ముగుస్తుంది. బండ్లన్నీ ఒకేసారి వదలరు. ఒక్కొక్కటే ఎక్కాలి. ఎవరు త్వరగా ఎక్కితే వాళ్ళు గెలిచినట్టు. ప్రతి బండిలో ఇద్దరుండాలన్నది నియమం. రెండోవాడు రాబోయే మలుపులు ముందుగా చెబుతాడు. అక్క నడుపుతుంది, బావ చెబుతాడు. మిగతావాళ్ళు గొంతు చించుకుని అరుస్తారు. బావ మాత్రం పాఠం చెప్పినట్టే చెబుతాడు. “ముందు ఎడమ మలుపుంది... కంగారేం లేదు... అద్దం చూసుకో.” ఒక యేడు “ఇండికేటరు వెయ్యి” అన్నాడట. అక్క వేసింది కూడా. కొండ మీదున్నవాళ్ళంతా చూశారు. అప్పటి నుంచి పందెంవాళ్ళ నోట మా బావ పేరు ఇండికేటరు.

అక్క ఏ యేడూ పై వరుసలోకి రాలేదు. అందుకు కారణం ఒక మలుపు. దాన్ని అత్తగారి మలుపంటారు. దూరం నుంచి సాధువుగా కనిపిస్తుంది, లోపలికి అడుగుపెట్టాక బిగుస్తుంది. వంతెన దగ్గర నిలబడితే లోయకి అవతలి కొండ మీద అది కళ్ళకి కట్టినట్టు ఉంటుంది. నేను అక్కడి నుంచే చూస్తాను. మిగతా బండ్లకి ఆ మలుపు ముందు వెనక ఎర్రదీపం ఒక్కసారి వెలుగుతుంది. అక్క బండికి రెండుసార్లు. మొదటిది మలుపుకి బాగా ఇవతల, తెల్ల బండరాయి దగ్గర. అది బావ కాలు. రెండోది వేయాల్సిన చోట. అది అక్క కాలు. అప్పటికే బండి ఊపు చచ్చిపోయి ఉంటుంది.

పైకి చేరాక బావ “బాగా ఎక్కావు” అంటాడు. అక్క “ఊఁ” అంటుంది. అంతకు మించి ఆ సంగతి వాళ్ళింట్లో ఎవరూ ఎత్తగా నేను వినలేదు.

ఈ యేడు నేను బండి కింద దూరి పని చేసుకుంటుంటే అక్క వచ్చి పక్కన చతికిలబడింది.

“ఒరేయ్, ఆ కడ్డీ తీసెయ్యి.”

“ఏ కడ్డీ?”

“తెలిసి అడక్కు.”

బయటికి జరిగి చేతులు తుడుచుకున్నాను. “బావకి చెప్పావా?”

“చెబితే తియ్యనిస్తారా?”

“బ్రేకు పనక్కా ఇది. ఆయనకి తెలియకుండా ఎలా?”

అక్క నేల మీదున్న నట్టు ఒకటి తీసి వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చుంది. “యాభై దగ్గరపడుతోంది రా నాకు. ఆ కొండ నేనింతవరకూ ఎక్కలేదు. మేమిద్దరం ఎక్కాం. నా ఒక్కదాని కాలితో ఎక్కితే ఎలా ఎక్కుతానో, అసలా మలుపు తిప్పగలనో లేదో నాకే తెలీదు. గెలవకపోతే పీడాపోయె. అది మాత్రం తెలియాలి.”

“అయితే ఆయన బదులు నన్ను కూర్చోబెట్టుకో.”

“నువ్వా! ట్రాక్టరు గట్టు దిగుతుంటేనే కళ్ళు మూసుకుంటావు. మలుపు చెప్పడంలో ఆయన్ని మించినవాళ్ళు లేర్రా. నాకా నోరు కావాలి. కాలే వద్దు.”

నవ్వాపుకున్నాను. “సరే. కానీ బండి కదిలే లోపల ఆయనకి నువ్వే చెప్పాలి.”

“చెబుతాను. ముందు నువ్వు తియ్యి.”

పిన్ను లాగి కడ్డీ తీసి సంచిలో వేసుకున్నాను. ఆ పెడల్ కదిలే పన్నులా వేలాడింది.

పందెం రోజు పొద్దున్నే అక్క పందెం బండిలో ఒంటరిగా ముందు వెళ్ళిపోయింది. టైర్లు, సామాను వేసుకుని పాఠాల కారులో నేనూ బావా వెనక బయల్దేరాం. నేను నడిపాను. దారి పొడుగునా నా తరఫున బ్రేకు బావే వేశాడు. చెప్పే వీలు లేకుండా అక్క ఎంత చక్కగా ఏర్పాటు చేసుకుందో అప్పుడర్థమైంది.

వంతెన దగ్గర బండ్లు వరుసగా నిలబడ్డాయి. మా ముందు బండి టైర్ల షాపాయనది. ఆయన బావని చూసి చెయ్యెత్తాడు.

“ఏం ఇండికేటరు గారూ, ఈసారి హారను కూడా కొట్టిస్తారా?”

“మీరు అడ్డం రాకపోతే ఆ అవసరం ఉండదు లెండి” అన్నాడు బావ.

అక్క హెల్మెట్టు పెట్టుకుంటోంది. దగ్గరకెళ్ళి, “చెప్పావా?” అన్నాను.

“చెబుతా.”

వరుస కదిలింది. మళ్ళీ అడిగాను. “చెబుతానన్నానా!” అని కసిరింది. టైర్ల షాపాయన బండి కొండెక్కిపోయింది. మా బండి గీత మీదికొచ్చింది. బావ ఎక్కి కూర్చుని బెల్టు బిగించుకున్నాడు. కూర్చోగానే పక్క బ్రేకు రెండుసార్లు తొక్కి చూసుకోవడం ఆయన అలవాటు. నేర్పే వాళ్ళందరికీ ఉంటుందట. ఇంట్లో అది అందరికీ తెలుసు. నాకు మాత్రం ఆ గీత దగ్గర నిలబడ్డాక గానీ గుర్తు రాలేదు.

బావ కాలు దిగింది. దిగి అలాగే ఉండిపోయింది. రెండోసారి తొక్కాడు. వంగి చూశాడు. కిటికీలోంచి నా వైపు చూశాడు. నేను నా సంచి వైపు చూసుకున్నాను.

“కడ్డీ తీయించాను” అంది అక్క. రెండు చేతులూ స్టీరింగు మీదున్నాయి. చూపు రోడ్డు మీద.

“చూశాను.”

“చెబుదామనే...”

“ఊఁ.”

జెండా పట్టుకున్న పెద్దాయన వంగి లోపలికి చూశాడు. “తయారేనా? కాకపోతే పక్కకి తీయండి. వెనక బండ్లున్నాయి.”

బావ చెయ్యి తలుపు పిడి మీదికెళ్ళింది. ఆయన దిగితే అక్కకి ఈ యేడు పందెం లేదు. ఒంటరిగా వదలరు. అక్క ఆయన వైపు తిరగలేదు, బతిమాలలేదు. బొటనవేలితో స్టీరింగు మీద లేని దుమ్ము తుడుస్తోంది.

బావ తలుపు కొంచెం తెరిచి, గట్టిగా లాగి మళ్ళీ వేశాడు. సరిగ్గా పడలేదనుకుంటా ఇందాక.

“బెల్టు పెట్టుకున్నావా?” అన్నాడు. ప్రతి పాఠమూ ఆ మాటతోనే మొదలవుతుంది.

“పెట్టుకున్నానండీ.”

“సీటు సరిపోయిందా?”

“సరిపోయింది.”

“అయితే పద.”

జెండా లేచింది. బండి మొదటి మలుపు చాటుకి వెళ్ళింది. తర్వాతంతా చప్పుడే. గేరు మారినప్పుడల్లా గొంతు మారుతూ కొండ చుట్టూ తిరుగుతోంది. నేను వంతెన గోడ పక్కకొచ్చి అవతలి కొండ వైపు చూస్తూ నిలబడ్డాను. మబ్బుగా ఉంది. దీపం వెలిగితే బాగా కనిపిస్తుంది.

బండి బయటికొచ్చింది. తెల్ల బండరాయి దగ్గరకొచ్చింది. దీపం వెలగలేదు. రాయి దాటింది. వెలగలేదు. నా కుడికాలు నేలని నొక్కుతోంది. అది నేను తర్వాత గమనించుకున్నాను. అప్పుడు వెలిగింది. ఒక్కసారే. కానీ ఆలస్యమైంది. బండి వెనకభాగం బయటికి జారింది, దుమ్ము లేచింది. దబ్బుమన్న చప్పుడు లోయ దాటి కాస్త ఆగి వచ్చింది. దుమ్ములో ఏమీ కనబడలేదు. జెండా పెద్దాయన కూడా నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

దుమ్ము పైభాగంలోంచి బండి బయటపడింది. కొంచెం కుంటుతూ ఎక్కిపోయింది.

దారి తెరిచాక పాఠాల కారులో పైకి వెళ్ళాను. అక్క వెనక చక్రం దగ్గర గొంతుకూర్చుని ఉంది. రేకు లోపలికి సొట్టపోయి టైరుకి రాసుకుంటోంది. మట్టికట్టకి తగిలింది. ఇరుసు కూడా కాస్త వంగింది. బావ పక్కన నిలబడి మంచినీళ్ళు తాగుతున్నాడు.

“దెబ్బలేమైనా?” అన్నాను.

“బండికే” అంది అక్క. “బ్రేకు ఆలస్యంగా వేశాను.”

“చాలా ఆలస్యం” అన్నాడు బావ.

“రాయి దాటాక వేద్దామనుకున్నాను. దాటాక ఇంకొంచెం పోనిద్దామనిపించింది. ఆ కొంచెమే ఎక్కువైంది.” తప్పు చెప్పుకుంటున్న ముఖం కాదు అది. వెతుకుతున్న అడ్రసు దొరికిన ముఖం.

“నువ్వేం చేశావు బావా?”

“ఏం చేస్తాను? తొక్కాను. రాయి దగ్గర తొక్కాను. ఏమీ కాలేదు. మళ్ళీ తొక్కాను. ఇక చేసేదేం లేక తలెత్తి చూశాను.” నీళ్ళు ఇంకో గుక్క తాగాడు. “ఇన్నేళ్ళుగా ఆ మలుపు నేను సరిగ్గా చూడనేలేదోయ్. ప్రాణమంతా కాలిలోనే ఉండేది. చక్కటి మలుపు.”

అక్క నేల మీద కూలబడి కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వింది.

బండ్లన్నీ వచ్చాక వరుస చెప్పారు. మట్టికట్టని గుద్దుకున్నా అక్క పోయినేటి కంటే పైనే ఉంది. పై వరుసకి ఇంకా కింద. టైర్ల షాపాయన వచ్చి సొట్ట నిమిరి చూశాడు.

“ఇండికేటరు గారూ, ఈసారి దీపం ఒక్కసారే వెలిగిందే? బల్బు పోయిందా?”

“లేదండీ” అన్నాడు బావ. “డ్రైవరు మారింది.”

ఇన్నేళ్ళూ ఆ దీపం నేనొక్కణ్ణే చూస్తున్నాననుకున్నాను. అందరూ చూస్తూనే ఉన్నారు.

పందెం బండిని కనుమ మీదున్న షెడ్డులో పెట్టాం. ఇరుసు తెచ్చి వేస్తే గానీ కదలదు. “రేపొచ్చి సొట్ట కూడా లాగేస్తాను” అన్నాను.

“టైరుకి తగలకుండా లాగు చాలు” అంది అక్క. “మిగతాది ఉండనీ. అది నాది.”

సంచిలోంచి కడ్డీ తీసి బావకి చూపించాను. మళ్ళీ పెట్టాలా అని నోరు తెరిచి అడగలేదు. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. తిరిగి నా సంచిలోనే వేశాడు.

“ఊరికి పట్టుకెళ్ళు. ట్రాక్టరుకి దేనికైనా పనికొస్తుందేమో చూడు.”

అక్క వినిపించనట్టు అటు తిరిగి హెల్మెట్టు దులుపుకుంది.

ముగ్గురం పాఠాల కారెక్కాం. నేను స్టీరింగు దగ్గర, బావ పక్కన, అక్క వెనక. దిగుతుండగా అత్తగారి మలుపు వచ్చింది. మట్టికట్ట మీద మా బండి గీసిన గీత తాజాగా ఉంది. అక్క అద్దం దించి దాన్ని చూస్తుందని నేను నెమ్మది చేద్దామనుకున్నాను. నా కాలు ఇంకా కదలకుండానే కారు నెమ్మదించింది.

“బావా!”

“ఏంటి బామ్మర్దీ? ఈ బండి కడ్డీ ఎవరూ తియ్యలేదుగా.”

“వెయ్యనీరా” అంది అక్క వెనక నుంచి. “ఎక్కడో ఒకచోట వెయ్యకపోతే ఆయనకి అన్నం సయించదు.”

వంతెన దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది. మా దారి ఎడమకి. ముందూ వెనకా ఒక్క బండీ లేదు.

“ఇండికేటరు వెయ్యి” అన్నాడు బావ.

వేశాను.