నిద్ర కరెంటు

ఎదుటివాడు తింటుంటే చూసి మొహం తిప్పుకునే మనిషి కాదు కాలేబు. కానీ ఆ రోజు మల్లికార్జునరావు మిరపకాయ బజ్జీ నములుతూ, నూనె వేలు తెచ్చి రిజిస్టరు మీద ఆనించి, "ఈ గుడి తీసేసి ఐత్వం పెట్టు కాలేబూ" అన్నప్పుడు మాత్రం మొహం పక్కకి తిప్పేసుకున్నాడు.

నరసరావుపేటలో మల్లికార్జునరావుది తాతలనాటి ఇనుప కొట్టు. కొట్టు వెనక రేకుల షెడ్డులో ఏడాదిగా చప్టా లైట్లు చేయిస్తున్నాడు. వాగు పొంగి చప్టా మీద నీళ్లు మోకాటి లోతుకి వస్తే ఎర్రగా వెలిగి కూత పెట్టే పెట్టెలు అవి. పొలాల మధ్య కరెంటు ఉండదు కాబట్టి బ్యాటరీతో నడుస్తాయి. ఆ బ్యాటరీ రెండేళ్లు రావాలని పంచాయతీలతో ఒప్పందం. రావాలంటే పెట్టె ఎప్పుడూ నిద్రలో ఉండాలి. నిమిషానికోసారి లేచి, నీళ్లొచ్చాయేమో చూసి, మళ్లీ పడుకోవాలి. నిద్రలో అది ఎంత కరెంటు తాగుతుందో కొలిచి రాయడం కాలేబు పని.

పాతికేళ్లు రేడియోలు, టీవీలు బాగుచేసిన చెయ్యి అతనిది. చదివింది తెలుగు మీడియం. ఇంగ్లీషులో తొందరగా గీకితే మిల్లీ ఏదో మైక్రో ఏదో తెలియదని రిజిస్టరంతా తెలుగులోనే రాసేవాడు. 'మి' అంటే మిల్లీ, 'మై' అంటే మైక్రో. రెండింటికీ వెయ్యి రెట్ల తేడా. షెడ్డులో కొత్తగా చేరిన ఇంజనీర్లకి ఈ సంగతి గొప్పగా చెప్పుకునేవాడు కూడా. తన రాతలో తప్పు దొర్లదని అతనికి భలే నమ్మకం.

ఆ రోజు రెండో బ్యాచ్ మొదటి పెట్టెకి మీటరు తగిలించాడు. ఇలాంటి పెట్టె బ్యాటరీ తగిలించాక మొదటిసారి నిద్రపోవడానికి పది నిమిషాలు పడుతుంది. కాలేబు పదిహేను నిమిషాలు చూశాడు. ఎనిమిది మైక్రో దగ్గర నిలబడాల్సిన అంకె ఆరు మిల్లీ దగ్గర నిలబడింది. మీటరు తప్పేమోనని ఇంకో మీటరు పెట్టాడు. అదీ అదే చెప్పింది. ఆ లెక్కన రెండేళ్లు రావాల్సిన బ్యాటరీ నలభై రోజులకి పీనుగవుతుంది. రిజిస్టరులో '6 మి' అని రాసి యజమానికి కబురు పెట్టాడు. యజమాని బజ్జీల పొట్లంతో సహా వచ్చాడు.

"ఐత్వం పెట్టడమేంది సార్? అది మిల్లీ."

"తెలుసులేవయ్యా. రేపు మండలం నుంచి మనిషొస్తన్నాడు. మైక్రో అని కనపడితే చాలు. ఒక్క గీతే కదా."

యజమాని నుదుటి మీద కుంకుమ ఇంకా చెరగలేదు. పొద్దున్నే గుడికి పోయొచ్చిన మనిషి. కాలేబు నోరు ఊరుకోలేదు.

"తెల్లారకముందే గుడికి పోయొచ్చి, నన్ను గుడి పడగొట్టమంటన్నారా?"

మల్లికార్జునరావు పెద్దగా నవ్వాడు. నవ్వినప్పుడు పళ్ల సందుల్లో శనగపిండి కనిపించింది. కాలేబుకి రోత పుట్టింది. ఆ నోటిని, ఆ నవ్వుని, రిజిస్టరు మీద పాకిపోతున్న నూనె మరకని చూసి రోత పుట్టింది. జనం ప్రాణాల మీదికొచ్చే పని బజ్జీ కొరుకుతూ చెప్పగలిగిన మనిషితో ఇన్నాళ్లూ 'సార్ సార్' అంటూ ఎట్లా గడిపాడో అతనికే అర్థం కాలేదు. బోర్డు తిప్పి చూశాడు. కరెంటుని అదుపు చేసే చిన్న చిప్పు మారిపోయి ఉంది. చవకరకం. పెట్టె పడుకున్నా అది మాత్రం పడుకోదు.

"ఈ చిప్పు ఎప్పుడు మార్చారు? ఈ బ్యాచ్‌లోనేనా?"

"మొదటి బ్యాచ్‌లోనే. మొదట నీ చేతికిచ్చిన శాంపిలు ఒక్కదాంట్లోనే అసలుది పెట్టింది."

"మొదటి బ్యాచ్ నేను కొలిచా సార్! అంతా మైక్రోనే."

"కొలిచావా?" అన్నాడు మల్లికార్జునరావు. ఈసారి నవ్వలేదు. రిజిస్టరు నాలుగు పేజీలు వెనక్కి తిప్పి అతని ముందుకు తోశాడు. "నువ్వేం తక్కువ తినలేదులే కాలేబూ. చూసుకో."

నలభై పెట్టెలు. మొదటిదాని ఎదురుగా ముత్యాల్లాంటి అక్షరాలతో '8 మై'. దాని కింద ముప్పై తొమ్మిది వరసల్లో డిటో గుర్తులు, చీమల బారులాగా. ఎవరూ దిద్దలేదు, కొట్టెయ్యలేదు. అంతా తన చెయ్యే. చివర తన సంతకమే.

అప్పుడు గుర్తొచ్చింది. ఒక్కో పెట్టె నిద్రపోయేదాకా పది నిమిషాలు కూర్చోవాలి. నలభైకి దాదాపు ఏడు గంటలు. ఆ సాయంత్రమే మేనకోడలి ఓణీల ఫంక్షను. ఒకటి చూశాక మిగతావీ అంతేగా, ఒకే బోర్డు ఒకే సరుకు అనుకున్నాడు. టీ చల్లారేలోపు డిటోలు పెట్టి పోయాడు.

బజ్జీ వాసన ఇప్పుడు తన ఒంట్లోంచే వస్తున్నట్టనిపించింది. యజమాని దొంగ. ఆ సంగతి యజమానికీ తెలుసు. తానో, దొంగకి తాళంచెవి ఇచ్చి, పైగా నిజాయితీపరుణ్నని ఊరంతా చెప్పుకున్నవాడు. తన మీద తనకే ఉమ్మెయ్యాలనిపించింది.

"అవి బిగించి ఎన్నాళ్లయింది?" అని అడిగాడు.

"జూన్ ఆఖర్లో. ఇప్పుడు సెప్టెంబరు సగమైంది. ఏం కాలేదుగా? ఏమీ కాదు. ఐత్వం పెట్టి పో."

నలభై రోజుల బ్యాటరీకి ఎనభై రోజులు నిండాయి. కాలేబు పెన్ను అక్కడే వదిలేసి, మీటరు సంచీ భుజాన వేసుకుని మోపెడ్ తీశాడు. వెనక నుంచి యజమాని ఏదో అరిచాడు. వినిపించుకోలేదు. దారిలోనే మండలాఫీసుకి ఫోను చేశాడు. ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది.

అన్నిటికన్నా దగ్గరి చప్టా రొంపిచెర్ల దాటాక ఉంది. పొద్దుట్నుంచీ ఎగువన వాన. అతను చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. వాగు ఎర్రమట్టి నీళ్లతో చప్టా మీదుగా పారుతోంది. పక్కన స్తంభం మీద పెట్టె నోరు మూసుకుని ఉంది. వెలుగు లేదు, కూత లేదు. మూత విప్పి మీటరు పెట్టి చూశాడు. ఈసారి కొలవడానికి ఏమీ మిగల్లేదు. బ్యాటరీ చచ్చి చాలా రోజులైంది.

వెనక ఆటో వచ్చింది. పత్తి చేలో కలుపు తీసి ఇళ్లకి పోతున్న ఆడవాళ్లు ఎనిమిది మంది అందులో కిక్కిరిసి కూర్చున్నారు. నడిపేది అబ్దుల్ రహీమ్ అనే నడివయసు మనిషి. ఈ దారిన రోజుకి నాలుగుసార్లు తిరుగుతాడు.

"ఆపు భాయ్! నీళ్లు పారతన్నయ్!"

రహీమ్ వాగు వైపు కాదు, స్తంభం వైపు చూశాడు.

"లైటు ఎలగలేదుగా అన్నా. అంటే మోకాటి లోతు కూడా లేనట్టే."

"ముందు కర్ర ఏసి చూసుకోరా నాయనా," అంది ఆటోలోంచి సీతమ్మ అనే ముసలామె. అంటూనే మళ్లీ తనే సర్దుకుంది. "లోతుంటే ఆ లైటు ఎలిగేదేలే. దాన్ని కొలిచి మరీ పెట్టారంట. మా పంచాయతీలో చదివి చెప్పారు. పోనీయ్."

కాలేబు స్తంభం మీది పెట్టె వైపు చూశాడు. ఈ పెట్టె రాకముందు వీళ్లు ఆగేవాళ్లు. కర్రతో లోతు చూసేవాళ్లు, అనుమానమొస్తే గంటసేపు గట్టు మీద కూర్చునేవాళ్లు. ఆ అలవాటు మాన్పించింది తన డిటోలే.

రహీమ్ గేరు వేశాడు. కాలేబు పరిగెత్తి ఆటోకి అడ్డంగా నీళ్లలోకి దిగాడు. రెండడుగులు వేసేసరికి తొడల దాకా మునిగాడు. మీటరు సంచీ వాగు లాక్కుపోయింది. చప్టా అంచు రాయి చేతికి దొరికింది. దాన్ని పట్టుకుని నిలబడి, రెండో చెయ్యి పైకెత్తాడు.

"తప్పుకో అన్నా! లైటు ఎలగలేదని చెప్తన్నాగా! నువ్వెవరసలు?"

"ఆ లైటు కొలిచానని సంతకం పెట్టినోణ్ని!" అని అరిచాడు కాలేబు. "కొలవలేదు నేను! ఇనపడతందా? కొలవలేదు!"