సూదిబెజ్జమంత గాయం

కంపెనీ డాక్టరు ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"ఈమాత్రం దానికేనా ఇంత గోల? సూది గుచ్చుకున్నట్టుంది. పోయి పని చూసుకో."

కొండ తవ్వే ప్రొక్లెయిన్ డ్రైవరు పళ్ల బిగువున నొప్పి ఓర్చుకుంటున్నాడు. పక్కనున్న మెకానిక్ ఉండబట్టలేకపోయాడు. ఇద్దరూ తోడల్లుళ్లు. ఒకే క్వారీలో పన్నెండేళ్ల పని.

"సూది కాదు సార్, నూనె! గొట్టానికి చిల్లుపడి నూనె చర్మంలోకి దూరింది. ఇవాళే పెద్దాసుపత్రికి పంపండి, కోసి కడగాలి."

"డాక్టరు నువ్వా, నేనా?"

మెకానిక్‌కి తెలుసు. ఇంజన్ తిప్పే పంపు నూనెను గొట్టాల్లోకి తోస్తుంది. ఆ నూనె సిలిండర్లో కడ్డీని నెడితేనే ఇనప చెయ్యి లేచి కొండను పెళ్లగిస్తుంది. బండరాళ్లను ఎత్తే ఒత్తిడికి మనిషి తోలు ఒక లెక్కా? గొట్టం పాడైందని మూడుసార్లు మొత్తుకున్నాడు. "అతుకేసి నడిపించు" అన్నాడు కాంట్రాక్టరు. వేశాడు. తన చేతులతోనే వేశాడు.

నాలుగో రోజున పెద్దాసుపత్రిలో డ్రైవరు చెయ్యి మోచేతి దాకా తీసేశారు. "బావా, ఆ గొట్టం బిగించిందెవరు?" అని మెకానిక్‌ని అడిగింది మరదలు, డ్రైవరు భార్య.

డ్రైవరు ఇంటికొచ్చిన రోజే కాంట్రాక్టరు మెకానిక్ ముందుకు కాగితం తోశాడు. "వాడే అజాగ్రత్తగా చెయ్యి పెట్టాడని సంతకం చెయ్యి. లేదంటే అతుకేసింది నువ్వేగా, కేసు నీ మీదే."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. సంతకం పెట్టకుండా బయటికొచ్చి, మధ్యాహ్నం షెడ్డులో అందరి ముందూ నిలబడ్డాడు.

"అతుకేసింది నేనే. తప్పు నాది కూడా. గొట్టాలు మార్చేదాకా పని ఆపుదాం."

"మీ ఇంటి గొడవకి మా పొట్టలెందుకు మాడాలయ్యా?" అంది రాళ్లు ఏరే పెద్దమ్మ.

అతను ఓ బండి స్టార్టు చేయించి, గొట్టం అతుకు దగ్గర అట్టముక్క పట్టాడు. కళ్లకేమీ కనబడలేదు. అట్ట మాత్రం కత్తితో కోసినట్టు చీలిపోయింది.

చీలిన అట్ట చేతి నుంచి చేతికి పోయింది.

"ఇలాంటివి ఎన్నున్నాయిరా?" అనడిగాడు ముసలి డ్రైవరు.

"ఏడు బండ్లు. ఏడింటికీ."

"కాంట్రాక్టరు తన కారు టైరు అరిగితే పూటలో మారుస్తాడు," పెద్దమ్మ లేచింది. "మన బతుకులకేమో అతుకులా? ఇంక చెయ్యాల్సిందేంటో చెప్పు."

"ఇనప చేతుల బకెట్లు నేలకి దించండి. ఇంజన్లు ఆపి లివర్లు నాలుగైదుసార్లు ఆడించండి, గొట్టాల్లో ఒత్తిడి చావాలి. కొత్త గొట్టాలొచ్చేదాకా ఎక్కొద్దు."

ఏడు ఇనప చేతులూ నేలకి వాలాయి.

మూడో రోజున పోలీసు జీపు వచ్చింది. దాని వెనకే వ్యానులో ఏడుగురు కొత్త డ్రైవర్లు. నిర్లక్ష్యంగా అతుకేశాడంటూ మెకానిక్‌ని రెక్క పట్టుకుని జీపెక్కించారు. గింజుకోవడం తప్ప అతను చేయగలిగిందేమీ లేదు.

"బండెక్కే ముందు నా మొగుణ్ణి చూడండి!" మరదలు కేక పెట్టింది. కట్టు కట్టిన మొండిచెయ్యి పైకెత్తి డ్రైవరు బండ్లకు అడ్డంగా నిలబడ్డాడు. అతని వెనకే క్వారీ అంతా నేలమీద కూర్చుంది.

కొత్తవాళ్లలో ఒకడు ఆగాడు. "ఏ గొట్టం అన్నా?" అనడిగి, చూసి, వచ్చి వాళ్ల మధ్య కూర్చున్నాడు.

జీపు కదిలింది. తోడల్లుడి చెయ్యి ఇక రాదు. తనని విడిపించేదెవరో తెలీదు. మెకానిక్ మెడ తిప్పి వెనక్కి చూశాడు. రెండోవాడు కూర్చుంటున్నాడు. మూడోవాడు మాత్రం ఒక కాలు బండి మెట్టు మీద పెట్టి ఇంకా నిలబడే ఉన్నాడు.

"దిగరా తమ్ముడూ!" అని అరిచాడు మెకానిక్, దుమ్ములోకి.