మాస్టారి మాట

రామభద్రం మాస్టారి ఉపన్యాసం మొదటిసారి విన్న రోజు నవోమికి అన్నం సయించలేదు. రేవు పక్కన రసాయనాల ఫ్యాక్టరీ వస్తే చేపా మిగలదు, మంచినీళ్లూ మిగలవని ఆయన చెబుతుంటే, ముత్తుకూరులో మిషను కుట్టుకుని బతికే తనకూ లోకంలో ఒక పని ఉందనిపించింది. అప్పటి నుంచి ఆయన మాటే ఆమెకు దేవుడి వాక్యం. సభలో ఎవరైనా ఆయన్ని ప్రశ్న అడగబోతే, ఆయనకంటే ముందు ఈమె లేచేది. "ఆయనకంటే ఎక్కువ చదివినావా?" అని కసిరేది.

అక్క ఫేబీ భర్త లాజరస్, ఆ ఫ్యాక్టరీ స్థలం చదును చేసే కాంట్రాక్టరు దగ్గర లారీ తోలేవాడు. "ఫ్యాక్టరీ కూడు తినేవాళ్ల గడప తొక్కొద్దు" అని మాస్టారు అన్నాక నవోమి అక్క ఇంటికి పోవడం మానేసింది.

ఆ ఏడు వానల్లోనే లాజరస్ గుండె ఆగి పోయాడు. అమ్మ చనిపోయాక నవోమిని సాకి, మిషను కొనిచ్చి నిలబెట్టినవాడు ఆ బావే. ఆమె చీర మార్చుకుని గుమ్మం దాకా వచ్చి, ఆగి, మాస్టారికి ఫోన్ చేసింది.

"ఉద్యమంలో చుట్టరికాలుండవమ్మా" అన్నాడాయన.

శవపెట్టె మోసుకుపోతూ పాడే పాట తన వీధిలోనే వినపడింది. నవోమి కిటికీ మూసుకుంది.

ఎండలు ముదిరేసరికి మాస్టారు ఫ్యాక్టరీ వాళ్ల వేదిక మీద శాలువాతో కనిపించాడు. ఫ్యాక్టరీ రావాల్సిందేనన్నాడు. ఎందుకు మారాడో చెప్పలేదు. నవోమి, నిన్నటిదాకా తనతో జెండా పట్టిన హజరత్తయ్య దగ్గరికి పోయింది. అతనిలో కలవరమే లేదు.

"మాస్టారు అన్నాడంటే దాంట్లో ఏందో ఉంటది మ్మే."

"మరి నీళ్లు, అన్నా?"

"ఆయనకంటే ఎక్కువ చదివినావా?"

నవోమి బదులు చెప్పాలని వెతుక్కుంటే అన్నీ మాస్టారి మాటలే దొరికాయి. ఆ తర్వాత ఉద్యమం వాళ్లెవరూ ఆమెను పిలవలేదు. ఎదురుపడినా ముఖం తిప్పుకున్నారు.

ఒక సాయంత్రం అక్క ఇంటి తలుపు తట్టింది. ఫేబీ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మీ బావ పోయిన రోజు మాస్టారు చెప్పినాడని రాలేదు. ఇప్పుడు ఎవురు చెప్పినారని వచ్చినావు?"

"ఎవురూ చెప్పలేదక్కా. నేనే వచ్చినాను."

ఫేబీ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా పక్కకు జరగలేదు. "అందరూ వచ్చినారు నవోమీ. కాంట్రాక్టరు కూడా వచ్చినాడు. నిన్ను లోపలికి రమ్మనేదానికి నాకింకా మనసు రాలా. పో."

నవోమి సమాధుల దొడ్డికి నడిచింది. బావను ఎక్కడ పెట్టారో ఆమెకు తెలియదు. సిలువల మీద పేర్లు ఒక్కొక్కటే చదువుకుంటూ పోయింది. సముద్రం గాలికి ఇసుక రేగి కళ్లలో పడుతోంది. అడగడానికి అక్కడ మనిషి లేడు.